కారు లేకుండా కడలి ఒడ్డుకు

బీబీపేటలో పుట్టి పెరిగినవారికి నీళ్ళంటే చెరువే. అవతలి గట్టు కనబడే నీళ్ళు, ఎండాకాలం వస్తే తగ్గి వానకాలం వస్తే నిండే నీళ్ళు. సముద్రమంటే మాకు వాక్యంలో విన్నదే. ఎర్రసముద్రం పాయలైన సంగతి, యోనా సంగతి, పేతురు అలలమీద నడిచి మునిగిపోబోయిన సంగతి, ఇవన్నీ సండేస్కూలులో ఫ్లానెల్ బోర్డుమీద నీలిరంగు గుడ్డ అంటించి చెప్పినవే. చెప్పిన టీచరుగారు కూడా సముద్రం చూడలేదు.

విచిత్రమేమంటే, మా చుట్టుపక్కల ఊళ్ళలో సముద్రం దాటి బ్రతుకుతున్న మనిషి లేని వాడ లేదు. దుబాయి, మస్కటు, కువైటు, ఎక్కడ చూచినా మన కామారెడ్డి, నిజామాబాదు బిడ్డలే. అయితే వారు దాటింది విమానంలో, చాలామంది రాత్రివేళ, గుండె బరువుతో. సముద్రాన్ని దాటారుగాని చూడలేదు. వారి భార్యాబిడ్డలకు అదీ లేదు. మా సంఘంలో ఒక సాయంత్రం ప్రార్థన ముగిసిన తరువాత ఎవరో ఈ మాట ఎత్తారు. పిల్లలకు ఒక్కసారి సముద్రం చూపిద్దామా అని అక్కడే మొదలైంది.

మొదట అందరూ అన్నది, తుఫాన్ బండి ఒకటి మాట్లాడుకుందామని. డ్రైవరుతో కలిసి పదిమంది, పన్నెండుమంది ఇరుక్కుని కూర్చుంటే తెల్లారేసరికి తీరం. లెక్క వేసి చూస్తే రెండు బండ్లు కావాలి. అద్దె, డీజిలు, టోలుగేట్లు, డ్రైవరు బత్తా కలిపితే, రావలసినవారిలో సగం మంది, ముఖ్యంగా బీడీలు చుట్టి ఇల్లు గడుపుకునే మా అక్కలు, మేము రాములే అని మర్యాదగా తప్పుకుంటారు. డబ్బున్నవారి పిల్లలు సముద్రం చూచి వచ్చి, లేనివారి పిల్లలకు కథ చెబుతారు. అది సంఘం చేయవలసిన పని కాదని మా అయ్యగారు ఖండితంగా అన్నారు. రాత్రంతా నిద్రలేని డ్రైవరు చేతిలో ఇంతమంది బిడ్డలను పెట్టడం ఇంకొక భయం. కనుక కారు లేదు, జీపు లేదు. ఆర్టీసీ బస్సు, రైలు, ఆపైన సైకిలు. రాత్రులు డేరాలో.

డేరా అనగానే కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. మేమైతే అది మనకు కొత్తేమీ కాదంటాము. లేవీయకాండంలో ఇశ్రాయేలీయులకు పర్ణశాలల పండుగ విధింపబడింది. ఇల్లువాకిలి ఉన్నవారు కూడా ఏడు రోజులు కొమ్మల పందిరి క్రింద నివసించి, తమ పితరులు అరణ్యంలో ఎలా ఉన్నారో పిల్లలకు తెలియజెప్పాలి. అంతదూరం ఎందుకు? 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదకు చర్చికి క్రిస్మస్‌కు, గుడ్‌ఫ్రైడేకు వెళ్ళే మనవాళ్ళు ఆవరణలో చెట్ల క్రింద దుప్పట్లు కట్టుకుని, మూడురాళ్ళ పొయ్యి పెట్టుకుని రాత్రులు గడపలేదా? హైదరాబాదు హెబ్రోను కూడికలకు వెళ్ళినవారు పందిళ్ళలో వరుసగా పడుకోలేదా? తెలుగు క్రైస్తవుడు క్యాంపింగు అనే మాట వినకముందే క్యాంపింగు చేశాడు. పేరు తెలియదు, అంతే.

సముద్రపు ఒడ్డుకు పిల్లల్ని తీసుకుపోయి దేవుని మాట చెప్పడమూ పాత సంగతే. 1868లో జొసయా స్పియర్స్ అనే ఆంగ్లేయుడు వేల్స్ దేశంలోని లాండుడ్నో తీరాన, ఆటలాడుకుంటున్న పిల్లల్ని పిలిచి, దేవుని ప్రేమను గూర్చిన ఒక చిన్నమాట ఇసుకలో వ్రాసి, ఆ అక్షరాలను అలంకరించమన్నాడు. పిల్లలు గులకరాళ్ళు, సముద్రపు నాచు ఏరితెచ్చి పేర్చారు. ఈనాడు మనదేశంలో కూడా పనిచేస్తున్న స్క్రిప్చర్ యూనియన్ పరిచర్య ఆ కాలంలో అలాంటి చిన్న పనులతోనే పెరిగింది.

ఒకే బండి

కామారెడ్డినుండి సముద్రానికి బండి మారకుండా పోవచ్చునని మాలో చాలామందికి తెలియదు. ఆదిలాబాదు, తిరుపతి మధ్య నడిచే కృష్ణా ఎక్స్‌ప్రెస్ నిజామాబాదు, కామారెడ్డి, వరంగల్లు, విజయవాడ, తెనాలి మీదుగా బాపట్ల, చీరాల చేరుతుంది. దూరం ఐదువందల కిలోమీటర్లకు పైనే. కామారెడ్డికి అర్ధరాత్రి దాటాక వస్తుంది. వేళలు మారుతుంటాయి కనుక ముందు చూసుకోవాలి. బాపట్లకు అటు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక తీరం ఉంది. గుంటూరు జిల్లాలో ఉండిన ఆ పట్టణం 2022 ఏప్రిల్‌నుండి తన పేరుతోనే జిల్లా అయింది, 2016 అక్టోబరులో మన కామారెడ్డి అయినట్లే.

సమయం సంక్రాంతి సెలవులని నిర్ణయించాము. ఎండాకాలం సెలవులు పొడుగేగాని తీరంలో ఉక్క భరించలేము. పైగా తూర్పుతీరంలో ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం, చేపలు తక్కువ. దసరా సెలవులు తుపానుల కాలం. జనవరిలో చల్లగా ఉంటుంది. చిక్కల్లా రైల్లోనే. సంక్రాంతికి హైదరాబాదులో ఉన్న కోస్తావారంతా ఇంటిదారి పడతారు. 2024 నవంబరునుండి రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతుంది కనుక, ఆ రోజు పొద్దున్నే మా యౌవనస్థులు ఇద్దరు కామారెడ్డి స్టేషను కిటికీ దగ్గర నిలబడ్డారు.

మొత్తం 23 మంది తేలాము. పిల్లలు 11 మంది, స్త్రీలమైత్రి అక్కలు ఏడుగురు, మిగిలినవారు పెద్దలు. బీబీపేటనుండి కామారెడ్డికి ఆర్టీసీ బస్సు. 2023 డిసెంబరు 9నుండి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కనుక ఆ ఖర్చు సగం తగ్గింది. సాయంత్రం బస్సుకే పోయి, ప్లాట్‌ఫారంమీద దుప్పట్లు పరచుకుని, బండి వచ్చేదాకా పాటలు పాడుకున్నాము. పిల్లలు నిద్రపోలేదు. పెద్దవాళ్ళూ నిద్రపోలేదు, అది వేరే కారణంచేత. దోమలు.

సామాను సంగతి కూడా వ్రాయాలి. రెండు టార్పాలిన్లు, నైలాను తాళ్ళు, దోమతెరలు, ఒక పెద్ద గంజు, చిన్న గ్యాసు పొయ్యి ఉండాలని కొందరన్నారు. గ్యాసు సిలిండరు రైల్లో తీసుకుపోవడం నేరం. కనుక పొయ్యి అక్కడే చూచుకుందామని గంజు మాత్రం మోసుకుపోయాము. మా అక్కలు రెండు డబ్బాలనిండా సకినాలు చేసి తెచ్చారు. బాపట్లలో మమ్ములను చేర్చుకున్న సంఘస్థుల ఇండ్లలో అరిసెలు సిద్ధంగా ఉన్నాయి. డబ్బాలు అక్కడే మారిపోయాయి.

గాలి ఎటు వీస్తే అటు

తీరంమీద డేరా వేయలేదు. రాత్రిపూట తీరంలో ఉండడానికి పోలీసువారు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. పైగా ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, త్రాగడానికి మంచినీళ్ళు లేనిచోట మూడు రాత్రులు గడపడం వేడుక కాదు, శిక్ష. సముద్రానికి కొంచెం ఇవతల ఒక పల్లెలో చిన్న ప్రార్థనామందిరం ఉంది. దాని ఆవరణలో, సరుగుడు చెట్ల మధ్య తాళ్ళు కట్టి మా టార్పాలిన్లు వేసుకున్నాము. దొడ్లు ఉన్నాయి, చేతిపంపు ఉంది. దాని నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి కనుక స్నానాలకే. త్రాగే నీళ్ళు టిన్నుల్లో తెప్పించుకున్నాము. ఇలాంటి ప్రయాణం పెట్టుకునే సంఘాలు మొదట చూడవలసింది తీరం అందం కాదు, ఈ రెండు సౌకర్యాలు. అవి లేకపోతే అక్కలు రారు. అక్కలు రాకపోతే పిల్లలు రారు.

సైకిళ్ళ సంగతి. మా చిన్నతనంలో ఏ ఊళ్ళోనైనా గంటల లెక్కన సైకిలు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. ఇప్పుడవి మూతపడ్డాయి. సంఘస్థుల పిల్లలవి ఏడు, రిపేరు షాపువాడు దయతలచి అద్దెకిచ్చినవి నాలుగు, మొత్తం పదకొండు సమకూడాయి. ఒకదానికి బ్రేకులు లేవు, ఒకదానికి బెల్లు తప్ప అన్నీ మోగుతాయి. ముందురోజు సాయంత్రమే అన్నీ విప్పి చూచి, బ్రేకు రబ్బర్లు మార్పించి, గాలి కొట్టించాము. మిగిలినవారు షేరు ఆటోలో వచ్చేవారు. ఒక ఆటో అబ్బాయి మా యాస విని మొదటిరోజు రెండింతలు అడిగాడు. రెండవరోజు అతడే పిల్లలతో స్నేహమై తగ్గించుకున్నాడు.

ఆ దారి బల్లపరుపుగా ఉంటుంది. మా వైపు లాగా ఎత్తుపల్లాలు లేవు. వేరుశనగ చేలు, జీడిమామిడి తోటలు, రొయ్యల చెరువులు, మురుగుకాలువల మీద వంతెనలు. సైకిలు తొక్కేవారికి అక్కడివారు చెప్పిన రహస్యం ఒకటుంది. పొద్దున నేలమీదనుండి సముద్రంవైపు గాలి మెల్లగా పోతుంది. ఎండ ఎక్కి నేల కాగిన తరువాత గాలి తిరగబడి సముద్రంమీదనుండి ఊరివైపు వీస్తుంది. కనుక తెల్లవారుజామున బయలుదేరి, సాయంత్రం తిరిగితే రెండుసార్లూ గాలి వీపుమీదే ఉంటుంది. మధ్యాహ్నం పోదామనుకున్నవాడు రెండింతలు తొక్కాలి. మా పిల్లలు దీన్ని సైన్సు పుస్తకంలో చదివారట, భూపవనం, జలపవనం అని. పరీక్షలో రెండు మార్కులకు వ్రాశారట. తొక్కి చూచినప్పుడుగాని దాని అర్థం కాళ్ళకు ఎక్కలేదు.

సముద్రం కనబడిన క్షణాన్ని వర్ణించమని మమ్ములను అడగవద్దు. పిల్లలు సైకిళ్ళు ఇసుకలో పడవేసి పరుగెత్తారు. డెబ్బయి దాటిన మా సంఘపు పెద్దమ్మ మాత్రం కదలక నిలబడి, చాలాసేపటికి, "గిన్ని నీళ్ళు ఏడికెల్లి వచ్చినయి బిడ్డా? గట్టు లేదేంది?" అన్నది. తరువాత కొంగు తలమీద కప్పుకుని అక్కడే మోకరించింది.

టెంకాయ డొక్క

బయలుదేరకముందు మమ్ములను అన్నిటికంటె ఎక్కువ బాధించిన ప్రశ్న ఒకటే. ఎవరైనా మునిగిపోతే? సూర్యలంకలోను, చీరాల దగ్గర ఓడరేవులోను స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు ఏటా పత్రికల్లో వస్తూనే ఉంటాయి. అలా పోయినవారిలో ఈత వచ్చినవారూ ఉంటారు. మా పిల్లల్లో నలుగురు చెరువులో చేపల్లా ఈదేవారు. ఆ నలుగురి తల్లులే ఎక్కువ భయపడ్డారు. వారు భయపడింది సరైన భయమే.

మొదటిరోజు ఎవర్నీ నీళ్ళలో దిగనివ్వలేదు. పల్లెలోని ఒక వృద్ధ జాలరిని వెంట రమ్మని బ్రతిమాలాము. ఆయన పిల్లల్ని ఒడ్డున కూర్చోబెట్టి, "ఎక్కడ దిగుతార్రా?" అని అడిగాడు. పిల్లలు ఒక్క గొంతుతో, అలలు లేవకుండా నిమ్మళంగా ఉన్నచోటు చూపించారు. ఆయన నవ్వి, ఎండిన టెంకాయ డొక్క ఒకటి తీసి సరిగ్గా అక్కడే విసిరాడు. అది కాసేపు ఊగి, తిన్నగా లోపలికి ప్రయాణం కట్టింది. చూస్తుండగానే చుక్కంత అయి, కనబడకుండా పోయింది. పక్కన అలలు విరుగుతున్నచోట ఇంకొకటి వేశాడు. అది ఒడ్డుకు వచ్చి మా కాళ్ళదగ్గర పడింది. "అలలు పైకి తెచ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలిగా నాయనా. అన్నీ కలిసి ఒక సందు చేసుకుని పోతాయి. ఆ సందులో అల లేవదు. అందుకే మీకు మంచిగా కనబడింది" అన్నాడు.

తీరానికి పోయే ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన సంగతి ఇది. ఆ లాగుడు మనిషిని అడుగుకు ముంచదు, లోపలికి మోసుకుపోతుంది. దానికి ఎదురీది ఒడ్డుకు రావాలని ప్రయత్నించినవాడు అలసిపోయి మునుగుతాడు. చిక్కుకుంటే ఎదురీదకుండా, తేలుతూ, చెయ్యెత్తి కేకవేయాలి. శక్తి ఉంటే ఒడ్డుకు అడ్డంగా, ప్రక్కకు ఈదాలి. ఆ సందు వెడల్పు తక్కువ కనుక ప్రక్కకు పోతే దానినుండి బయటపడవచ్చు. పడినవాణ్ణి రక్షించాలని వెనుకే దూకితే ఒక ప్రాణానికి రెండు పోతాయి. తాడో, ఖాళీ టిన్నో విసరాలి. చెరువులో ఈత నేర్చినవారికి ఇది తెలియదు, చెరువు లాగదు గదా.

ఆ తరువాత మా కట్టుబాట్లు ఇవి. మోకాలు దాటి ఎవరూ పోకూడదు. ఇద్దరు పెద్దలు ఎప్పుడూ నీళ్ళలో దిగకుండా ఒడ్డున నిలబడి లెక్కపెడుతూ ఉండాలి. విజిలు ఊదితే అందరూ బయటికి. ఎర్రజెండా ఉన్నా, పోలీసువారు వద్దన్నా ఆరోజు స్నానం లేదు. అలలు ఎక్కువయ్యే రోజులను గూర్చి ముందుగానే హెచ్చరించే కార్యాలయం, ఇన్‌కాయిస్ అంటారు, మన హైదరాబాదులోనే ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని వారు సముద్రాన్ని కనిపెడుతుంటారు. వారి హెచ్చరికలు ఫోనులో కూడా చూడవచ్చు. మూడురోజులూ మా పిల్లలు మోకాలిలోతు నీళ్ళలోనే ఆడారు, ఎవరికీ తక్కువ కాలేదు.

కూలిన చర్చి

శనివారం సాయంత్రం బాపట్ల సంఘకాపరిగారు మా డేరా దగ్గరకు వచ్చారు. 1977 నవంబరు 19నాటి తుపానును గూర్చి మా పెద్దలు అడిగారు. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయి, పదివేలమందికి పైగా చనిపోయిన తుపాను అది. ఆ రోజు బాపట్లలో గాలివానకు ఇండ్లు విడిచి ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు 100 మంది, ఆ కట్టడం కూలి మరణించారు.

ఈ మాట వినగానే మా డేరా క్రింద నిశ్శబ్దమైపోయింది. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఒకడు లేచి, "గుడిల దాసుకున్నోళ్ళనన్న దేవుడు ఎందుకు కాపాడలేదు అయ్యగారూ?" అని అడిగేశాడు. ఊళ్ళో అయితే ఎవరో ఒకరు గద్దించి కూర్చోబెట్టేవారు. అక్కడ ఎవరూ గద్దించలేదు. కాపరిగారు వాక్యాలు ఏకరువు పెట్టలేదు. తనకూ తెలియదని చెప్పారు. ఆపైన టార్చిలైటు తీసుకుని, ఆ అబ్బాయిని, వెంటపడిన మిగతా పిల్లల్ని దగ్గరలోనే ఉన్న తుపాను షెల్టరు దగ్గరకు తీసుకుపోయారు. క్రింద గోడలు లేవు, లావుపాటి స్తంభాలే. ఉప్పెన నీళ్ళు గోడను నెట్టకుండా మధ్యలోనుండి పోవడానికి అలా విడిచిపెట్టారు. పైన గది, ఆపైన మెట్లు, చదునైన మిద్దె. 1977 తరువాతనే తీరం పొడుగునా ఇలాంటివి కట్టడం ఎక్కువైంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది. చేలు మునిగాయి, చెట్లు పడ్డాయి. 1977తో పోల్చదగిన ప్రాణనష్టం మాత్రం జరగలేదు. ముందుగా కబురు తెలిసింది, జనాన్ని షెల్టర్లకు తరలించారు. ఆ అబ్బాయి స్తంభాలను చేత్తో తట్టి చూచి వచ్చాడు. వాడి ప్రశ్న తీరిందని మేము అనుకోవడం లేదు. తీరకపోయినా ఫరవాలేదు. మన సంఘాల్లో అలాంటి ప్రశ్నలు అడగనిచ్చే చోట్లు తక్కువ.

తిండి సంగతులు

ఇక తిండి. బీబీపేటలో చేప అంటే కొర్రమట్ట, రవ్వ, బొచ్చె. చెరువు చేప తిన్న నోటికి సముద్రపు చేప మొదట్లో ఒక వాసన అనిపిస్తుందని మావారు ముక్కు మూసుకున్నారు. ఆదివారం తెల్లవారుజామున ఒడ్డునుండి లాగే పెద్దవలను చూడబోయాము. రెండువైపులా తాళ్ళు పట్టుకుని ఇరవై ముప్పైమంది వెనక్కి నడుస్తూ లాగుతారు. మా పిల్లలు, ఇద్దరు అక్కలతో సహా, తాడు పట్టారు. అరచేతులు ఒరుసుకుపోయాయి. వల ఒడ్డుకు వచ్చాక కవళ్ళు, నెత్తళ్ళు, నాలుగు పీతలు, కొంత చెత్త. అంతమంది గంటకుపైగా లాగిన దానికి అంతేనా అని మాకు అనిపించింది. వారు మాత్రం మామూలుగానే పంచుకున్నారు, తాడు పట్టినందుకు మాకు కూడా ఒక బుట్టెడు ఇచ్చారు. వద్దన్నా వినలేదు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో 153 చేపలు పడ్డాయని గుర్తున్న ఒక చిన్నపాప కూర్చుని లెక్కపెట్టసాగింది. ఎనభై దాటాక కాకి వచ్చి లెక్క పాడుచేసింది.

నెత్తళ్ళను శుభ్రం చేసి, ఉప్పు, కారం, పసుపు పట్టించి, పెనంమీద కరకరలాడేటట్టు వేయించారు. ముల్లుతో సహా నమలవచ్చు. కవళ్ళతో పులుసు. అక్కడి అక్కలు మట్టిదాకలో, చింతపండు చిక్కగా పిసికి, మెంతిపొడి వేసి, గరిటె పెట్టకుండా దాకనే అటూఇటూ తిప్పుతారు, ముక్క చెదరకుండా. మా అక్కలు గరిటె పెట్టబోతే, "అయ్యో వదినా, వద్దండీ!" అని చెయ్యి పట్టుకున్నారు. ఆనాటిది ఆనాడు తినేశాము, మర్నాటికి ఇంకా బాగుంటుందన్నారుగాని మిగిలితేగదా. ముక్కు మూసుకున్నవారే దాక అడుగు నాకారు. మావాళ్ళు తెచ్చిన జొన్నపిండితో రొట్టెలు కొట్టి వడ్డించారు. జొన్నరొట్టె, కవళ్ళ పులుసు, ఈ జత ఇంతకుముందు ఎవరైనా కలిపారో లేదో తెలియదుగాని మాకు అమోఘంగా కుదిరింది.

సంక్రాంతి రోజులు కనుక తేగలు వచ్చాయి. తాటి టెంకలు పాతిపెడితే భూమిలోకి దిగే మొలకలు, కుంపట్లో కాల్చి, నార తీసి తింటారు. "ఇవి మా గేగులే గదా!" అని మావారు సంతోషించారు. పేరు వేరు, తాడిచెట్టు ఒకటే.

దొంగలు కాని ఊరు

పెద్దపిల్లలు ఆరుగురితో సైకిళ్ళమీద చీరాలవైపు వెళ్ళినప్పుడు దారిలో స్టువర్టుపురం తగిలింది. పేరు వినగానే పిల్లలు, "సినిమాల దొంగల ఊరు!" అన్నారు. ఆ మాటను అక్కడే ఆపవలసి వచ్చింది.

బ్రిటిషు ప్రభుత్వం 1871లో చేసిన చట్టంతో కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. ఉప్పు, ధాన్యం గాడిదలమీద మోసి అమ్ముకునే ఎరుకలవారు రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోగొట్టుకున్నారు, ముద్ర మాత్రం వారిమీద పడింది. 1913లో సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో వారికోసం ఇక్కడ ఒక సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. బడి వచ్చింది, భూమి వచ్చింది, వైద్యం వచ్చింది. దానితోపాటు హాజరు పట్టీ, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటరాదన్న కట్టడి కూడా వచ్చాయి. మన పత్రికల్లో సాధారణంగా మొదటి సగమే వ్రాస్తారు. బంధించి చేసిన మేలును పొందినవారు దాన్ని ఎలా జ్ఞాపకముంచుకుంటారో మనం ఆలోచించాలి. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. చట్టం పోయినా సినిమాలు పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతోనే రెండు సినిమాలు వచ్చాయి, 2023లో మరొకటి ఆ ఊరి మనిషి కథతో వచ్చింది. అక్కడ టీ కొట్టుదగ్గర మేము సైకిళ్ళు తాళం వేయకుండానే పెట్టి అరగంట కూర్చున్నాము. టీ కొట్టు ఆమె, ఎండ ఎక్కుతోంది టోపీలు పెట్టుకోండమ్మా అని పిల్లలకు జాగ్రత్త చెప్పింది.

చీరాల అవతల వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కున్నాము. 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా అక్కడే. పాత తెలుగు పత్రికలను దాచి ఉంచిన స్థలం. పిల్లలు బయట చెట్టు నీడలో జీడిపప్పు తిన్నారుగాని లోపలికి రమ్మంటే రాలేదు. వారిని తప్పుపట్టలేము, అప్పటికి ఇరవై కిలోమీటర్లకు పైగా తొక్కారు.

ఎటువైపు

చివరి సాయంత్రం, తండ్రి దుబాయిలో ఉన్న ఏడేండ్ల బాబు ఒకడు నీళ్ళ అంచున నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఎవరికిరా అంటే మా నాయినకు అన్నాడు. వాడి అమ్మ మూడేండ్లుగా, మీ నాయిన సముద్రం అవతల ఉన్నాడని చెబుతూ వచ్చింది. మాలో ఒకరు, ఇది బంగాళాఖాతం, ఈ నీళ్ళకు అవతల ఉన్నది బర్మా దేశం, దుబాయి పడమటి సముద్రానికి అవతల ఉంది అని మెల్లగా చెప్పారు. చెప్పకపోతే బాగుండునని కొందరు, పిల్లలకు అబద్ధం చెప్పకూడదని కొందరు, డేరాకు వచ్చాక కూడా వాదించుకున్నాము. ఆ బాబు మాత్రం కాసేపు ఆలోచించి, "గట్లయితే ఎటుదిక్కు?" అని అడిగాడు. సూర్యుడు పోతున్న దిక్కు చూపించాము. వాడు సముద్రానికి వీపు పెట్టి, సరుగుడు తోటలవైపు, మేము వచ్చిన దారివైపు తిరిగి చేతులు ఊపాడు. వాడి అమ్మ ఫోనులో ఫొటో తీసి, అప్పటికప్పుడే దుబాయికి పంపింది. అరగంటకు జవాబు వచ్చింది. తండ్రి డ్యూటీలోనుండే పంపిన మాట. వెనకాల ఉన్నది నిజంగా సముద్రమేనా అని అడిగాడట.

మా చందా పెద్దలకు 1,500 రూపాయలు, పిల్లలకు సగం. ఇవ్వలేని రెండు కుటుంబాలకు స్త్రీలమైత్రివారు పిడికిటి బియ్యం డబ్బులనుండి సర్దారు. లెక్క చూస్తే 640 రూపాయలు మిగిలాయి. వాటిని ఆ చిన్న మందిరానికి కరెంటు బిల్లు నిమిత్తం ఇచ్చి వచ్చాము. సైకిళ్ళను మంచినీళ్ళతో కడిగి, గొలుసులకు నూనె వేసి అప్పగించాము. ఉప్పుగాలికి గొలుసు రెండురోజుల్లోనే తుప్పు పడుతుంది, అరువు సొమ్ము విషయంలో అది మరవకూడదు.

పెద్దమ్మ ఒక లీటరు సీసానిండా సముద్రపు నీళ్ళు పట్టుకుని, దారంతా ఒడిలో పెట్టుకుని బీబీపేట తెచ్చింది. సండేస్కూలు పిల్లలు దాన్ని వెడల్పాటి పళ్ళెంలో పోసి మందిరం మిద్దెమీద ఎండబెట్టారు. ఐదురోజులకు అడుగున రెండు చెంచాల ఉప్పు మిగిలింది. అందరూ వేలితో అద్దుకుని నాకి చూశారు. కొంచెం చేదుగా ఉంది.